వాయిదా మాత్ర

మాస్టరు స్టూలు మీద ఆ రోజు కూర్చోవలసిన మనిషి అక్క. కూర్చున్నది మీసాలని అందరూ పిలిచే హెల్పరు.

ఆ స్టూలు గొప్పదేమీ కాదు. ఒక కాలు పొట్టిది, దాని కింద అట్టముక్క మడిచి పెట్టేవాళ్ళు. కానీ ఆ కుట్టుపని షెడ్డులో దాని మీద కూర్చున్నవాళ్ళే కటింగ్ మాస్టరు. పొడుగాటి టేబుల్ మీద బట్టను పొరలు పొరలుగా పరిచి, పైన సుద్దతో గీతలు గీసి, ఒక్క కోతతో వంద చొక్కాల ముందుభాగాలు దించే పని వాళ్ళది. గీత కాస్త పక్కకు జరిగిందా, వంద చొక్కాలూ చిత్తుగుడ్డలే. పాత మాస్టరు చూపు మందగించి పని మానేసినప్పుడు ఆ స్టూలు ఎవరిదని అడిగితే, మిషన్ల మీది ఆడవాళ్ళంతా తడుముకోకుండా అక్కదే అనేవాళ్ళు. మీసాలు కూడా అదే అనేవాడు. బట్టను ముడత లేకుండా పరచడం అతనికి నేర్పింది అక్కే.

అయినా యజమాని అతని భుజం తట్టి, "కూర్చోవయ్యా, ఇక నీదే," అన్నాడు.

అక్క గోడవారగా నిలబడి ఉంది. ఆమె వైపు యజమాని చూడలేదు. చేతిలోని సుద్దను టేబుల్ అంచున పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కలేదు.

బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ముందున్న ఆమె చెల్లెలు ఇదంతా చూసింది. లేద్దామనుకుంది. పెడల్ మీద కాలు మాత్రం ఆగలేదు.

తల్లి పోయేనాటికి చెల్లెలు ఇంకా జడ వేసుకోవడం రాని పిల్ల. జడ వేసింది అక్క, బడికి పంపింది అక్క, తాను మాత్రం పుస్తకాలు అటకెక్కించి షెడ్డుకు వెళ్ళింది అక్క. మొదట దారాలు తెంపే పని, తర్వాత కాజాలు, ఆ తర్వాత బట్ట పరిచే పని. కత్తెర పట్టుకోమని ఆమెను ఎవరూ పిలవలేదు. పాత మాస్టరు చేతులు చూసి చూసి, ఒకరోజు ఆయన టీకి వెళ్ళినప్పుడు సగం గీసి వదిలిన గీతను తానే పూర్తిచేసింది. ఆయన తిరిగొచ్చి అద్దాలు పైకెత్తి చూసి, "ఇది నేను గీసిందేనా?" అన్నాడు. "మీరే. మర్చిపోయారు," అంది అక్క. ఆయన పడీపడీ నవ్వి మర్నాటి నుంచి ఆమెను తన పక్కన నిలబెట్టుకున్నాడు. చెల్లెలు పెద్దయ్యాక ఆమెను కూడా షెడ్డులో మిషన్ మీద కూర్చోబెట్టింది అక్కే.

నెలలో మూడు వారాలు అక్కలాంటి మనిషి ఆ చుట్టుపక్కల లేదు. ఎవరి మిషన్ మొరాయించినా తనే వెళ్ళి సూది సరిచేసేది. ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా వాళ్ళ పని తన నెత్తిన వేసుకునేది. నాలుగో వారం వచ్చేసరికి ఆ మనిషి ఎక్కడికి పోయేదో ఎవరికీ తెలిసేది కాదు. నిద్ర పట్టేది కాదు. గుండీ ఊడితే ఏడ్చేది. ఎవరైనా పక్కన గొంతు తగ్గించి మాట్లాడుకుంటే తన గురించేననుకునేది. ఇంట్లో గిన్నె చప్పుడైతే చాలు, ఒంటికాలి మీద లేచేది. "తడిబట్ట పిండినట్టు లోపల ఎవరో మెలిపెడుతున్నారే," అని ఒకసారి చెల్లెలితో అంది. "చచ్చిపోతే బాగుండుననిపిస్తుంది. ఎందుకో నాకే తెలీదు." చెల్లెలికి భయమేసింది. మూడు రోజులకల్లా అక్క బహిష్టయింది. వాన వెలిసినట్టు ముఖం తేటపడింది. ఆ మాట ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

తేటపడ్డాక సిగ్గు. అప్పుడామె ఎవరెవరిని ఏమేమందో గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, టీ తెచ్చిచ్చి, "ఏదో నోరు జారాను, మనసులో పెట్టుకోకు," అనేది. సగం జీవితం తిట్టడానికి, మిగతా సగం తిట్టినందుకు టీలు మోయడానికి సరిపోయింది.

బావ లారీ డ్రైవరు, చెడ్డవాడేం కాదు. "తుఫాను హెచ్చరిక జారీ అయిందా?" అని గుమ్మంలోంచే అడిగి, అయిందంటే దూరం కిరాయి ఒప్పుకుని వెళ్ళిపోయేవాడు. చెడ్డవాడు కానివాళ్ళంతా ఇలాగే తప్పుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళితే ఆయన రక్తపరీక్ష చేయించి, "అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా, కాస్త ఓర్పు అలవాటు చేసుకోవాలి," అని ఒక టానిక్కు రాశాడు. ఓర్పు ఆ సీసాలో ఉన్నట్టు అక్క అడుగంటా తాగింది.

షెడ్డులో ఆమెకు పేరు పెట్టేశారు. అమావాస్య. ఎవరు పెట్టారో తెలియదు, అందరూ వాడుకున్నారు. ఆమె ముఖాన అనే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి చెల్లెల్ని అడిగేవాళ్ళు, వాతావరణ శాఖను అడిగినట్టు.

"ఏమ్మా, అమావాస్య ఎప్పుడు?"

"ఇంకో నాలుగు రోజులు నోళ్ళు జాగ్రత్త," అనేది చెల్లెలు. అందరూ నవ్వేవాళ్ళు. తానూ నవ్వేది. అక్క మంచి కోసమే చెబుతున్నానని అనుకునేది. ఆ వారం ఆమె జోలికి ఎవరూ వెళ్ళరు కదా! కానీ ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. ఓవర్‌లాక్ మిషన్ ముందు మామూలుగా కూర్చునే ఆమెను అంతమంది చుట్టూ చేరి ఏదైనా అడిగేది ఆ ఒక్క విషయంలోనే. ఆ కాస్త గొప్ప ఆమెకు బాగానే ఉండేది.

పాత మాస్టరు వెళ్ళిపోయిన నెలలోనే ఒక పెద్ద ఆర్డరు కుదిరేలా ఉంది. బడి పిల్లల యూనిఫారాలు. ఇచ్చేవాళ్ళ తరఫు మనిషొకడు వచ్చి కోత కళ్ళారా చూసి వెళ్తానన్నాడు. యజమాని అక్కను పిలిచి, "ఆ రోజు టేబుల్ దగ్గర నువ్వే నిలబడు. సజావుగా జరిగితే స్టూలు నీదే," అన్నాడు. ఆడమనిషి ఆ స్టూలెక్కడం ఆ పరిసరాల్లో ఏ షెడ్డులోనూ ఎవరూ చూడలేదు. అక్క ఆ సాయంత్రం ఇంటికి నడవలేదు, తేలింది.

చెల్లెలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టి గతుక్కుమంది.

"అక్కా, సరిగ్గా ఆ రోజుకి నీకు వచ్చేస్తుంది కదే!"

"రానీ. వస్తే నాకు హాయే. రాకముందే కదే నా చావంతా."

ఆ మాట ఆమె అంత స్పష్టంగా అంది. చెల్లెలు చెవిన వేసుకోలేదు.

"హాయేంటి హాయి? పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరుగుతావు. రోజంతా నిలబడాలి, బయటి మగాళ్ళ ముందు. నేనొకటి తెచ్చాను, కాదనకు." కాగితం పొట్లం విప్పి మాత్రలు చూపించింది. "వాయిదా మాత్రలు. మా మిషన్ల వరసలో అందరూ వేసుకుంటారు, పెళ్ళిళ్ళకీ ప్రయాణాలకీ. ఇవి వేసుకున్నన్నాళ్ళూ అది రాదు. అది రాకపోతే నీ కోపం కూడా రాదు, చూడు!"

"నిజంగా?"

"మందుల షాపాయన్ని అడిగే తెచ్చానులే."

అడిగిన మాట నిజమే. ఎన్ని వేసుకోవాలని అడిగింది. ఎవరికని ఆయన అడగలేదు, ఎందుకని ఈమె చెప్పలేదు. గొంతు తగ్గించి అడగడం, పొట్లం చుట్టి ఇవ్వడం, అంతే బేరం. ఇంట్లోనూ వీధిలోనూ ఆడవాళ్ళ ఒంటి సంగతి అంటే గొంతు తగ్గించే మాట. అక్క కష్టమంతా నెత్తుటిదేననీ, దాన్ని వెనక్కి నెడితే కష్టమూ వెనక్కిపోతుందనీ ఆ అక్కాచెల్లెళ్ళు వేసుకున్న లెక్క తప్పని చెప్పడానికి గట్టిగా మాట్లాడేవాళ్ళు ఒక్కరు కూడా లేకపోయారు.

అక్క మాత్రలు వేసుకుంది. చెల్లెలు ప్రేమగా తెచ్చిందని వేసుకుంది.

నెత్తురు ఆగింది. తక్కినదేదీ ఆగలేదు. ప్రతి నెలా ఆ రోజు రాగానే తెరిపినిచ్చే మబ్బు ఈసారి అలాగే కమ్ముకుని కూర్చుంది. ఆర్డరు మనిషి వచ్చే రోజు పొద్దున అక్క కళ్ళు ఉబ్బి, దువ్వెన చేత్తో పట్టుకుని దువ్వుకోకుండా కూర్చుని ఉంది.

"నేనివాళ రాలేనే. ఏదో అయిపోతోంది నాకు."

"ఏమీ అవదు. భయం, అంతే. లే, నేను దువ్వుతాను."

చెల్లెలు జడ వేసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

టేబుల్ దగ్గర నిలబడేసరికి అక్క చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పొరలు నీళ్ళు పరచినట్టు పడ్డాయి. గీతలు దారం పట్టి లాగినట్టు వచ్చాయి. మిషన్ల మీది వాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఆర్డరు మనిషి తలాడించి యజమానితో అన్నాడు:

"చెయ్యి బాగుంది. కోసేది కూడా ఈవిడేనా? కోత మిషన్ బరువుగా ఉంటుందే, పట్టుకోగలదా?"

"ఇవాళ్టికి పట్టుకుంటుంది లెండి," అని నవ్వాడు యజమాని.

ఇవాళ్టికి. ఆ మాట దగ్గర అక్క ఆగింది.

"ఇవాళ్టికేంటి? రేపు?"

"అబ్బ, మాటవరసకి అన్నాను. కానీ, కానీ."

"మాటవరసకి కాదు. మీరు ముందే అనుకున్నారు. ఈయన ముందు నాతో పని చేయించి, రేపు స్టూలు ఈ మీసాలకి ఇస్తారు. నేను గుడ్డిదాన్ననుకున్నారా?" గొంతు కీచుమంటోంది. మీసాల వైపు తిరిగింది. "నువ్వు! నా కొలతల అట్టలు ఇంటికి తీసుకెళ్ళి రాత్రంతా నకలు దించుకుంటున్నావు. దొంగవి!"

"అయ్యో, నేనెందుకు దించుకుంటానక్కా? ఒట్టు!" అన్నాడు మీసాలు బిత్తరపోయి. అతను దించుకోలేదు. అలాంటి ఆలోచన పుట్టే బుర్ర కాదతనిది.

యజమాని తల గోక్కుని, ఆర్డరు మనిషికి వినపడేలా, చెల్లెలి వైపు తిరిగి అన్నాడు: "ఏంటమ్మా, ఇవాళ క్యాలెండర్లో అమావాస్య లేదే? నీ లెక్క తప్పిందా?"

షెడ్డంతా చెల్లెలి వైపు చూసింది. యజమాని జోకేస్తే నవ్వడం అక్కడ అందరికీ ఊపిరంత అలవాటు. చెల్లెలు నవ్వింది. ఆమె నవ్వాక మిగతావాళ్ళు నవ్వారు.

అక్క ఆ పేరు మొదటిసారి విన్నది అప్పుడే. ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. ఆ తర్వాత అర్థమయింది.

"నవ్వవే, నవ్వు. నన్నమ్ముకుని తింటున్నావు కదే ఇన్నాళ్ళూ! నిన్ను పెంచిన రోజులన్నీ దండగ," అంది. అని, కోత మిషన్ స్విచ్చి నొక్కి, తాను గీసిన గీతలన్నిటికీ అడ్డంగా, టేబుల్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించేసింది.

మాత్రలు అయిపోయిన రెండో రోజుకు ఆమె బహిష్టయింది. ఆ మర్నాడు మబ్బు విడిపోయింది. అప్పుడు వెళ్ళింది షెడ్డుకు, క్షమించమని అడగడానికి. తన సంచిలో మిగిలిన సుద్ద ముక్కను కూడా తెచ్చింది, ఆ రోజే పని మొదలుపెట్టవచ్చేమోనని. మీసాలు స్టూలెక్కడం చూసింది ఆ రోజే.

తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మనిషి జీవితంలో ఎక్కువ భాగం ఇలా తర్వాతే ఉంటుంది. బావ అక్కను తీసుకుని ఊరి చివర ఒక ఇంటికి మారాడు. అక్క ముందు గదిలో మిషన్ వేసుకుని ప్యాంట్లకు అంచులు మడిచింది, చిరుగులు కుట్టింది, లావైనవాళ్ళ చొక్కాలు వదులు చేసింది. వందల చొక్కాలు ఒక్క కోతలో దించిన చెయ్యి ఒక్కో కుట్టు విప్పుకుంటూ కూర్చుంది. పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా చెల్లెలు వెళ్ళేది. అక్క కుర్చీ జరిపి అడిగేది. "బాగున్నావా?" "బాగున్నాను." "పిల్లలు?" "వాళ్ళూ బాగున్నారు." కోప్పడితే బాగుండుననుకునేది చెల్లెలు. చుట్టాన్ని చూసినట్టు చూసేది అక్క. టీ ఇచ్చేది. చెల్లెలు సగం తాగి లేచేది. నెలకోసారి వెళ్ళేది ఏడాదికోసారయింది. అక్క చిన్నప్పటిలా మళ్ళీ "పిచ్చిదానా" అని పిలిస్తే చాలనుకుంటూ ఏళ్ళు గడిపింది. ఆ పిలుపు రాలేదు.

చెల్లెలికి నలభై ఆరో నలభై ఏడో వచ్చాక ఒళ్ళు మొరాయించడం మొదలుపెట్టింది. ఒక నెల రాదు, వచ్చిన నెల ఆగదు. తెల్లవార్లూ కళ్ళు తెరుచుకుని పడుకునేది. పెద్ద ఆసుపత్రిలో ఒక లేడీ డాక్టరు పరీక్షలన్నీ చేసి క్యాప్సూల్స్ రాసింది.

"ప్రొజెస్టెరాన్ అంటారు. మీ ఒంట్లో అండాశయం తయారుచేసేదే, ఈ వయసులో సరిగ్గా తయారవదు. పడుకునే ముందే వేసుకోండి, మత్తుగా ఉంటుంది."

వేసుకుంది. ఎన్ని నెలలకో మొద్దునిద్ర పోయింది. తర్వాతి నెల వెళ్ళినప్పుడు డాక్టరు చేతులు పట్టుకున్నంత పని చేసింది.

"అమ్మా, బంగారంలాంటి మందిచ్చారు. మా అక్కక్కూడా రాసివ్వండి. పాపం, జీవితాంతం నిద్రలేక, కోపంతో..."

"ఆగండి. ఏ కోపం?"

చెల్లెలు చెప్పింది. నాలుగో వారం గురించి, వాన వెలిసినట్టు తేటపడటం గురించి. వాయిదా మాత్రల గురించి కూడా, అదేదో తమాషా సంగతిలా. డాక్టరు కలం పక్కన పెట్టింది.

"నెల మధ్యలో అండం విడుదలయ్యాక ఈ ప్రొజెస్టెరాన్ పెరుగుతుంది. గర్భసంచిని సిద్ధం చేస్తుంది. గర్భం రాకపోతే పడిపోతుంది, అప్పుడే బహిష్టవుతారు. ఈ పెరగడం తరగడం చాలామంది మెదళ్ళు పట్టించుకోవు. కొందరికి కాస్త చిరాకు. మీలాంటివాళ్ళకు నిద్రకు సాయం చేస్తుంది. నూటికి ఏ కొద్దిమందికో అదే విషంలా పనిచేస్తుంది. రక్తపరీక్షలో అన్నీ సరిగ్గానే ఉంటాయి. లోపం మోతాదులో లేదు, దాన్ని అందుకునే మెదడులో ఉంది. చచ్చిపోవాలనిపించేంత దిగులు పుడుతుంది, బహిష్టు రాగానే వదిలేస్తుంది. దానికి వైద్యం ఉంది. అప్పుడూ ఉంది."

"మరి ఆ వాయిదా మాత్రలు?"

"అవి ఇదే జాతి మందు. బహిష్టును ఆపేది అందుకే. మీ అక్కలాంటి వాళ్ళు కొందరికి వాటితో ఆ పాడు వారం ఇంకా సాగుతుంది. అందరికీ అలా కాదు. ఆవిడ విషయంలో అదే జరిగిందని నేనిప్పుడు ఒట్టేసి చెప్పలేను. చూడబోతే అలాగే ఉంది."

"వేసుకోకపోయుంటే?"

డాక్టరు ఫైలు మూసింది. "మీరు చెప్పిన లెక్క ప్రకారం, ఆ రోజుకి తేరుకుని ఉండేదేమో."

ఆసుపత్రి మెట్లు దిగుతూ చెల్లెలు ఆనాటి రోజులను మళ్ళీ వేళ్ళ మీద లెక్కపెట్టింది. అక్క స్టూలు కాళ్ళు విరగ్గొట్టింది తన చేతులే. కానీ బస్సెక్కి కూర్చున్నాక ఆ బాధ అడుగునుంచి ఇంకోటేదో పైకి తేలింది. తేలికగా ఉంది. ఆ రోజు అక్క అన్న మాటలు అక్కవి కావు! మందు అనిపించిన మాటలు. నిన్ను పెంచిన రోజులన్నీ దండగ అన్నది అక్క కాదు. ఇన్నేళ్ళూ గుండెలో దిగిన ముల్లు అదే. ఇంటికి పోకుండా నేరుగా ఊరి చివరికి టిక్కెట్టు తీసుకుంది.

అక్క కిటికీ పక్కన కూర్చుని ఎవరిదో ప్యాంటు నడుము విప్పుతోంది. జుట్టు నెరిసింది. బహిష్టులు ఆగిపోయి రెండేళ్ళు దాటిందట, ముఖం చెరువులా నిలకడగా ఉంది. కుర్చీ జరిపింది. చెల్లెలు కూర్చోకుండానే మొదలుపెట్టింది. మాత్రల సంగతి చెప్పింది, తనదే తప్పని ఏడ్చింది, డాక్టరు చెప్పినదంతా ఒక్క ఊపున అప్పజెప్పింది. అక్క విప్పడం ఆపి వింది.

"అంటే నాది పొగరు కాదన్నమాట," అంది చివరికి, తనలో తాను అనుకున్నట్టు. "జబ్బు."

"అవునక్కా. జబ్బే."

"మీ బావ బతికుండగా తెలిస్తే బాగుండేది." ప్యాంటును మోకాళ్ళ మీద సర్దుకుంది. "మాత్రలు నువ్వు తెలిసి తెచ్చావా ఏంటే? నా కడుపునొప్పి చూడలేక తెచ్చావు. దానికేడవకు."

చెల్లెలు ముక్కు తుడుచుకుంది. ఎన్నాళ్ళకో అక్క తనను "ఏంటే" అంది. ఆ ధైర్యంతో, ఆ సంతోషంలో, ఆపుకోలేక అనేసింది:

"అయితే ఆ రోజు నన్నన్న మాటలన్నీ కూడా ఆ మాత్ర అనిపించినవే కదక్కా! నువ్వన్నవి కావు కదా!"

అక్క ఆమె ముఖంలోకి చూసింది. కోపం లేదు. అందుకే చెల్లెలు కళ్ళు తిప్పుకోలేకపోయింది.

"మీసాల్ని దొంగ అన్నాను చూడు, అది మాత్రే అయ్యుంటుంది. వాడు కనిపిస్తే చెప్పు, అది నా మాట కాదని." కుట్టు విప్పే ముల్లును మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "కానీ నువ్వు నవ్విన సంగతి మాత్రకెలా తెలుస్తుందే?"